పసిపిల్లల ముక్కు మీది బుడిపెకు ముందు స్కాన్, ఆ తర్వాతే కత్తి

సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో ఒక తల్లి అడిగిన ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు చదివాను. తొమ్మిది నెలల పాపకు ముక్కు దూలం మీద పుట్టుకతోనే శనగగింజంత బుడిపె ఉందని, అది అప్పుడప్పుడు కాస్త ఉబ్బినట్లు అనిపిస్తోందని ఆవిడ రాశారు. అది మామూలు కొవ్వు గడ్డ అయ్యుంటుందని, దగ్గర్లోని సర్జన్ చేత చిన్న కోతతో తీయించుకోవచ్చని, అనుమానం ఉంటే ముందుగా ఒక ముక్క తీసి పరీక్షకు పంపితే ఏమిటో తేలిపోతుందని జవాబులో ఉంది. నేను చెన్నైలో చాలాకాలం చెవి ముక్కు గొంతు శస్త్రవైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట వైపు నుంచి పిల్లల్ని ఎత్తుకుని సెంట్రల్ స్టేషన్‌లో దిగే తెలుగు కుటుంబాలను ఎన్నింటినో చూశాను. జవాబు రాసిన వైద్యుల ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు గానీ, వారు చెప్పిన పనుల క్రమం మాత్రం తలకిందులైంది. ఈ విషయంలో క్రమం తప్పితే బిడ్డ ప్రాణానికే ముప్పు గనుక ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురించమని కోరుతున్నాను.

కనుబొమల నడుమ నుంచి ముక్కు కొన దాకా నడిమిగీత మీద పుట్టుకతో వచ్చిన బుడిపె ఏదైనా, పసిబిడ్డ ముక్కు లోపల కనిపించే కండ ఏదైనా, మెదడుతో దానికి సంబంధం ఉండవచ్చనే అనుమానంతోనే మొదలుపెట్టాలి. ఆ సంబంధం ఉందో లేదో స్కాన్‌లో తేలేదాకా దానిలో సూది గుచ్చకూడదు, ముక్క తీయకూడదు, చీము అనుకుని కోయకూడదు. చెవి ముక్కు గొంతు వైద్యంలో ఇది కొత్త మాట కాదు, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అయితే ఇలాంటి బుడిపెలు అరుదు. ఇరవై వేల నుంచి నలభై వేల కాన్పులకు ఒకటి చొప్పున కనిపిస్తాయని అంచనా. కాబట్టి ఒక చిన్న పట్టణంలో పనిచేసే సర్జన్ తన వృత్తి జీవితం మొత్తంలో ఒకటో రెండో చూడవచ్చు, అసలు చూడకపోవచ్చు కూడా. రోజూ చూసే కొవ్వు గడ్డల వరసలోనే దీన్నీ జమకట్టడం అందువల్లే జరుగుతుంది.

మెదడుతో సంబంధం ఎందుకుంటుందో తెలిస్తే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. గర్భంలో తొలి నెలల్లో ముఖం రూపుకట్టేటప్పుడు, మెదడును కప్పి ఉండే పొర నుంచి వేలులాంటి ఒక కొన పుర్రె అడుగుభాగంలో ముందువైపున్న సన్నని రంధ్రం గుండా కిందికి దిగి, ముక్కు ఎముకల వెనకగా వచ్చి, ముక్కు చర్మాన్ని తాకుతుంది. మామూలుగా ఆ కొన తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది, రంధ్రం మూసుకుపోతుంది. అది చర్మానికి అతుక్కుని ఉండిపోతే, వెనక్కి వెళ్ళేటప్పుడు చొక్కా చేతిని లోపలి నుంచి లాగితే అంచు కూడా వెంట మడతపడి పోయినట్లు చర్మాన్ని లోపలికి లాక్కుపోతుంది. అలా లోపల చిక్కుకున్న చర్మమే డెర్మాయిడ్ తిత్తి. మెదడు కణజాలం కొంత బయట ఉండిపోయి, వెనక దారి మూసుకుపోతే దాన్ని గ్లయోమా అంటారు. దారి మూసుకోకుండా మెదడు పొరలు, ఒక్కోసారి మెదడు భాగం కూడా ముక్కులోకి గానీ ముక్కు మీదికి గానీ జారితే అది ఎన్‌సెఫలోసీల్. మూడింటి పుట్టుకా ఒకే చోట జరుగుతుంది కాబట్టే, పైకి చిన్నగా కనిపించేదాని వేరు ఎంత లోతుకు పోయిందో చేత్తో తడిమి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

ఈ మూడింటిలో ఎక్కువగా కనిపించేది డెర్మాయిడ్. ఇది గట్టిగా ఉంటుంది, నొక్కితే తగ్గదు, బిడ్డ ఏడ్చినా పెరగదు. కొందరు పిల్లల్లో బుడిపె అంటూ ఏమీ ఉండదు. ముక్కు దూలం మీదో కొన మీదో సూదిమొనంత గుంట, దానిలోంచి బయటికి వచ్చిన ఒకే ఒక వెంట్రుక, అంతే. ఆ వెంట్రుక కనిపించిందంటే డెర్మాయిడ్ అని దాదాపు రాసిపెట్టుకోవచ్చు. ఇళ్ళలో జరిగేది వేరు. బడిలో ఫోటో తీసే రోజున అమ్మ దాన్ని పట్టకారుతో లాగేస్తుంది, అది మళ్ళీ వస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఎప్పుడో ఒకసారి ఆ గుంటలోంచి తెల్లటి ముద్దలాంటి పదార్థం వస్తుంది, తర్వాత ఎర్రబడి చీము పడుతుంది. అప్పుడు దగ్గర్లోని వైద్యుడు కోసి చీము తీస్తాడు, పుండు మానుతుంది, కొన్ని నెలలకు అక్కడే మళ్ళీ ఉబ్బుతుంది. ఇలా రెండు మూడు కోతలు పడ్డాక పెద్ద ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో, తిత్తి గోడ చుట్టూ ఉన్న కణజాలమంతా మచ్చకట్టి అతుక్కుపోయి ఉంటుంది. ఏది తిత్తి, ఏది మచ్చ అని విడదీయడం మొదటిసారి చేసే ఆపరేషన్‌తో పోలిస్తే చాలా కష్టం. ఆ గుంట నుంచి లోపలికి దిగే సన్నని గొట్టం పుర్రె లోపలి దాకా పోయి ఉంటే, చర్మం మీది చీము మెదడు పొరలకు చేరి, ఆ పొరల వాపైన మెనింజైటిస్‌కు, మెదడులో చీముగడ్డకు దారితీయవచ్చు.

ఎన్‌సెఫలోసీల్ తీరు దీనికి భిన్నం. మెత్తగా, ఒక్కోసారి నీలిరంగుగా ఉంటుంది, గుండె కొట్టుకున్నట్లు లయగా అదురుతుంది, బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు ఉబ్బుతుంది. మెడలోని రక్తనాళాలను మృదువుగా నొక్కినప్పుడు బుడిపె పెరుగుతుందా అని చూసే పరీక్ష ఒకటుంది. అది వైద్యులు చేయవలసింది, ఇంట్లో ప్రయత్నించేది కాదు. నా అనుభవంలో ఆ పరీక్ష కంటే ముందు తల్లి మాటే దారి చూపేది. "ఏడిస్తే ఉబ్బుతుందండీ, నిద్రపోతే తగ్గుతుంది" అని తల్లి అన్నదంటే, చీటీ మీద తర్వాతి వాక్యం ఎమ్మారై అనే రాయాలి. మీ పేజీలో ఆ తల్లి రాసిన ప్రశ్నలోనూ అప్పుడప్పుడు ఉబ్బుతోందన్న మాట ఉంది; జవాబులో దాని ప్రస్తావనే లేదు. రెండు కళ్ళ మధ్య దూరం మామూలు కంటే ఎక్కువగా ఉండడం, ముక్కు దూలం వెడల్పుగా, చప్పిడిగా ఉండడం కూడా లోపల ఏదో ఉందని చెప్పే గుర్తులే. ముక్కు మూలంలో, నుదుటి దగ్గర కనిపించే ఈ రకం ఎన్‌సెఫలోసీల్ పాశ్చాత్య దేశాల కంటే ఆగ్నేయాసియాలో ఎక్కువ. మన దేశంలోనూ కనిపిస్తుంది.

గ్లయోమా గట్టిగా ఉండి, పైచర్మం ఎర్రగానో ఊదాగానో, సన్నని రక్తనాళాలు తేలి కనిపిస్తుంది. నూటికి అరవై ముక్కు బయట, ముప్పై లోపల, మిగిలినవి రెండు చోట్లా ఉంటాయి. మెదడులో వచ్చే ఒక రకం కణితికీ గ్లయోమా అనే పేరే ఉండడంతో, రిపోర్టులో ఆ పేరు చూసి సెల్‌ఫోన్‌లో వెతికి బెంబేలెత్తే తల్లిదండ్రులు చాలామంది. ముక్కులోని ఈ గ్లయోమా క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. అయితే నూటికి పదిహేను ఇరవై మందిలో దాని నుంచి ఒక కాడ మెదడు దాకా ఉంటుంది గనుక జాగ్రత్త మాత్రం ఒకటే. ఎర్రగా కనిపించడం వల్ల దీన్ని రక్తనాళాల గడ్డగా, అంటే హెమాంజియోమాగా పొరబడడం తరచూ జరుగుతుంది. హెమాంజియోమా సాధారణంగా పుట్టిన కొన్ని వారాలకు మొదలై, తొలి నెలల్లో వేగంగా పెరిగి, తర్వాత ఏళ్ళ మీద తగ్గుతుంది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు ప్రొప్రనలాల్ మందుతో అది కరుగుతుందని ప్రకటించినప్పటి నుంచి ముక్కు కొన మీది హెమాంజియోమాలకు కత్తి అవసరం బాగా తగ్గింది. గ్లయోమా పుట్టినప్పుడే ఉంటుంది, బిడ్డతో పాటే పెరుగుతుంది, ఏ మందుకూ కరగదు. "కొన్నాళ్ళు చూద్దాం, అదే పోతుంది" అన్న సలహా మొదటిదానికి కొంతవరకు చెల్లుతుంది గానీ రెండోదానికి చెల్లదు.

ఇక ముక్కు లోపల పెరిగేవాటి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళకు అలర్జీతో ముక్కులో కండ పెరగడం, దాన్ని పాలిప్ అని తీసేయడం నిత్యం జరిగేదే. ఏడాది లోపు బిడ్డకు మామూలు పాలిప్ రావడం అత్యంత అరుదు. ఒక వైపు ముక్కులో బూడిద రంగు కండ కనిపించి, అది ముక్కు నడిమి గోడకూ పక్క గోడకూ మధ్య పైనుంచి వేలాడుతూ ఉంటే, అది మెదడు పొర కావచ్చు. దాన్ని పాలిప్ అనుకుని వైర్ ఉచ్చుతో లాగి తీసిన బిడ్డకు ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఇంట్లో వాళ్ళు జలుబు అనుకుంటారు. అది మెదడు చుట్టూ ఉండే నీరు. ఆ దారినే క్రిములు పైకి పోయి మెనింజైటిస్ రావచ్చు. ముక్క తీసి పరీక్షకు పంపడం నిరపాయమని మనకు అలవాటైన భావన ఈ ఒక్క చోట పనికిరాదు. ఇక్కడ ముక్క తీయడమే ప్రమాదం.

పుట్టిన బిడ్డ తొలి నెలల్లో ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. అందుకే లోపల అడ్డం ఉంటే మొట్టమొదట తెలిసేది పాలు తాగేటప్పుడు. నాలుగు గుటకలు తాగి రొమ్ము వదిలేస్తుంది, ఊపిరాడక పెదవులు నీలంగా మారతాయి, ఏడవగానే నోటితో గాలి అంది రంగు తిరిగొస్తుంది, మళ్ళీ తాగబోతే మళ్ళీ అదే. రెండు ముక్కురంధ్రాల వెనక దారి పుట్టుకతోనే మూసుకుపోయిన పిల్లల్లోనూ ఇదే కనిపిస్తుంది. సన్నని గొట్టం రెండు వైపులా లోపలికి దిగుతుందా అని కాన్పు గదిలోనే చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. కంటి లోపలి మూల కింద నీలంగా ఉబ్బి, ముక్కులోనూ నీటితిత్తి ఉండే పిల్లలు ఉంటారు. అది కన్నీటి గొట్టం మూసుకుపోవడం వల్ల వచ్చేది, మెదడుతో సంబంధం లేనిది. ముక్కులో కనిపించిన ప్రతిదీ భయపడవలసింది కాదని చెప్పడానికే ఈ రెండో ఉదాహరణ ఇచ్చాను.

మన ఇళ్ళలోని ఒక అలవాటు గురించి కూడా చెప్పాలి. బిడ్డకు నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు ముక్కు తీరుగా రావాలని అమ్మమ్మలో, స్నానం చేయించే ఆవిడో దూలాన్ని వేళ్ళ మధ్య పట్టి నొక్కి లాగుతారు, ముక్కులో నూనె చుక్క వేసి ఊదుతారు. మామూలు బిడ్డకు కూడా నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ముక్కు మూలంలో మెత్తటి ఉబ్బు ఉన్న బిడ్డకు ఆ నొక్కుడు అసలే పనికిరాదు. పెద్దవాళ్ళను కించపరచకుండా, ఈ బిడ్డ ముక్కు మాత్రం ముట్టుకోవద్దని వైద్యులే పురిట్లో చెప్పడం మేలు. పసరు కట్టడం, వేడి కాపు పెట్టడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

స్కాన్ విషయానికొస్తే, మొదట తీయించవలసింది ఎమ్మారై. ముక్కు కొన నుంచి పుర్రె అడుగు దాకా సన్నని పొరలుగా తీయాలని చీటీలో రాయాలి. ఉత్తగా "మెదడు ఎమ్మారై" అని రాస్తే మందపాటి పొరల మధ్య సన్నని గొట్టం కనిపించకుండా జారిపోవచ్చు. ఎముక ఆకారం తెలియడానికి సీటీ తోడవుతుంది గానీ, పసిబిడ్డల్లో ఆ చోటి ఎముక ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది కాబట్టి సీటీ ఒక్కటే చూసి రంధ్రం ఉందనో లేదనో తేల్చకూడదు. ఆ రంధ్రం మామూలు పిల్లల్లోనూ కొన్నేళ్ళ దాకా తెరిచి ఉన్నట్లే కనిపించవచ్చు. పైగా సీటీలో రేడియేషన్ ఉంటుంది. చివరికి పిల్లల స్కాన్లు చదవడంలో అనుభవం ఉన్న రేడియాలజిస్టు, ఆపరేషన్ చేయబోయే సర్జన్, ఇద్దరూ కలిసి ఫిలింలు చూసుకోవడం కంటే మంచి పద్ధతి లేదు.

స్కాన్ దగ్గర కుటుంబాలకు ఎదురయ్యే చిక్కు వేరు. మూడు నెలల లోపు బిడ్డ అయితే పాలిచ్చి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి మత్తు లేకుండానే తరచూ తీయవచ్చు. అంతకంటే పెద్ద బిడ్డకు మత్తు డాక్టరు కావాలి, ఆ రోజుకు వరస దొరకాలి, బిడ్డ కడుపు ఖాళీగా ఉండాలి. తెల్లవారుజామున రైలెక్కి, దారిలో బిడ్డ ఏడుస్తోందని పాలిచ్చి, ఆసుపత్రి గడపలో ఆ సంగతి చెప్పగానే స్కాన్ వాయిదా పడి, కన్నీళ్ళతో వెనుదిరిగిన తల్లులు నాకు తెలుసు. ఎన్ని గంటల ముందు పాలు ఆపాలో, చివరి పాలు ఎప్పుడు ఇవ్వాలో, తెలుగులో ఒక కాగితం మీద రాసి ముందురోజే ఇస్తే ఈ యాతన తప్పుతుంది. సగంమంది రోగులు తెలుగువారైన వార్డుల్లో కూడా ఆ కాగితం తమిళంలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే ఉండడం నేను చూశాను.

చికిత్స శస్త్రచికిత్సే, పూర్తిగా తీసేయడమే. ఎప్పుడు చేయాలన్నది ఊపిరి, చీము, మెదడు నీరు కారడం అనే మూడింటిని బట్టి ఉంటుంది. ఏదో ఒకటి ఉంటే వేచి ఉండడానికి వీల్లేదు. ఏదీ లేకపోతే మత్తుకు అనువైన వయసు, బరువు చూసి వైద్యబృందం రోజు నిర్ణయిస్తుంది గానీ, బిడ్డ పెద్దయ్యాక ముక్కు ఎదుగుదల ఆగాక చూద్దామనడం డెర్మాయిడ్ విషయంలో సరికాదు. అది పెరుగుతూ ముక్కు ఎముకలను పక్కలకు నెట్టేస్తుంది. డెర్మాయిడ్‌కు గుంట చుట్టూ నడిమిగీత వెంట గానీ, ముక్కు కింద రెండు రంధ్రాల నడుమ కోసి చర్మాన్ని పైకి లేపి గానీ, గొట్టం వెంట చివరి దాకా వెళ్ళాలి. చర్మపు పొర రవ్వంత మిగిలినా మళ్ళీ పెరుగుతుంది. గొట్టం ఎముక కిందికి పోయినా, పుర్రె రంధ్రం దగ్గర ఆగిపోతే ఆ కొన ముక్కను ఆపరేషన్ జరుగుతుండగానే పరీక్షించి, అక్కడ చర్మకణాలు లేకపోతే తల తెరవకుండా ముగించవచ్చు. లోపలికి పోతే న్యూరోసర్జన్ తోడు కావాలి. ముక్కు లోపలి గ్లయోమాలను, కొన్ని ఎన్‌సెఫలోసీల్‌లను ఈ రోజుల్లో ముఖం మీద గాటు లేకుండా, సన్నని కెమెరా గొట్టమైన ఎండోస్కోప్‌తో తీసి, పుర్రెలోని రంధ్రాన్ని బిడ్డ కణజాలంతోనే మూసేస్తున్నారు.

మెదడు ముక్క కోసేస్తే బిడ్డ మందబుద్ధి అవుతుందా అన్నదే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న, అదీ గుమ్మం దాటి వెళ్తూ వెనక్కి తిరిగి అడిగేది. ముక్కు మూలంలోకి జారిన కణజాలం సాధారణంగా పని చేయని స్థితిలో ఉంటుంది, దాన్ని తీయడం వల్ల బిడ్డ తెలివితేటలకు లోటు రాదు. పుర్రె అడుగున ఇంకా వెనకగా జారే రకంలో మాత్రం పిట్యూటరీ గ్రంథి, కంటి నరాలు ఆ సంచిలో ఉండవచ్చు. అక్కడ తీసేయకుండా లోపలికి సర్దవలసి వస్తుంది. రెండింటినీ వేరు చేసి చెప్పేది మళ్ళీ ఆ ఎమ్మారైయే.

ఇలాంటి ఆపరేషన్‌కు ముక్కు సర్జన్, న్యూరోసర్జన్, పిల్లల మత్తు డాక్టరు ఒకే కప్పు కింద ఉండాలి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి గారు 1950లో న్యూరోసర్జరీని మొదలుపెట్టారు. ఎగ్మోరులో పిల్లలకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుతో వచ్చేవారు మాత్రం ఆ చికిత్స, ఆ ఆసుపత్రి తమ పథకం పరిధిలో ఉన్నాయో లేదో బయలుదేరే ముందే ఆరోగ్యమిత్రను అడిగి కనుక్కోవాలి. చేరాక తెలిస్తే అప్పు తప్పదు.

ప్రభుత్వాల వైపు నుంచి జరగవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన ప్రతి బిడ్డను కాన్పు జరిగిన చోటనే తల నుంచి పాదాల దాకా పరీక్షించాలి, ఆశా కార్యకర్తలు ఇంటికి వెళ్ళి చూడాలి, సంచార బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్ళాలి. పుట్టుక లోపాల జాబితాలో నాడీనాళ లోపాలు, గ్రహణం మొర్రి ఉన్నాయి. ముక్కు నడిమిగీత మీది గుంట, వెంట్రుక, ఉబ్బు అన్న మాటలను ఆ శిక్షణ పుస్తకంలో ఒక ఫోటోతో సహా చేర్చి, "కోయవద్దు, గుచ్చవద్దు, ఎమ్మారై ఉన్న చోటికి పంపాలి" అన్న ఒక్క వాక్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా చేరవేయమని రెండు తెలుగు రాష్ట్రాల, తమిళనాడు ఆరోగ్యశాఖలను కోరుతున్నాను. మీ పత్రిక ఈ సవరణను అదే ఆరోగ్య పేజీలో, అదే చోట ప్రచురించాలని నా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత చెవి ముక్కు గొంతు వైద్యుడు,
పెరంబూరు, చెన్నై